అఖండ దీపం, అంకయ్య భుజం

అంకయ్య భుజం దెబ్బతిన్నాక ఆ గుట్ట మీది ఆశ్రమంలో ప్రతివాడూ వైద్యుడైపోయాడు. వావిలాకు కాచి పోసుకోమని ఒకరు, ఉప్పుమూటతో కాపడం పెట్టమని ఒకరు, ఆముదం రాసుకుని ఎండలో కూర్చోమని మరొకరు. సలహా ఇవ్వడానికి ఏం పోతుంది! అంకయ్య అన్నీ చేశాడు. నొప్పి మాత్రం చుట్టంచూపుగా వచ్చి ఇల్లు నాదే అన్న బంధువులా తిష్ఠ వేసింది.

గుట్ట కింద గుండ్లకమ్మ ఏరు పారుతుంది. వంటకీ స్నానాలకీ మోటారు నీళ్ళు పైకి వస్తాయి. ఆశ్రమం పెట్టిన పెద్దయ్యగారి సమాధికి పోసే నీళ్ళు మాత్రం మనిషి భుజం మీదే రావాలని అక్కడి కట్టుబాటు. ఆ కావడి అంకయ్యది. భార్య పోయిన ఏడాది గుట్టెక్కి వచ్చినవాడు మళ్ళీ దిగి వెళ్ళలేదు. పొద్దు పొడిచేసరికి రెండు ఇత్తడి బిందెలూ నింపి, కావడి భుజానికెత్తి, మెట్ల మీద ఎక్కడా దించకుండా పైకి చేర్చేవాడు.

వేరే విద్యలేవీ అతనికి అబ్బలేదు. తత్త్వాలు పాడమంటే గొంతు గాడి తప్పేది. ధ్యానంలో కూర్చోబెడితే గురక వినిపించేది. "నా భక్తంతా భుజానే ఉంది" అనేవాడు నవ్వుతూ. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉండేది. ఉంటే ఉండనీ. మోసేవాడికి ఆ మాత్రమైనా లేకపోతే బరువు లేవదు.

కార్తీకంలో ముసురు పట్టిన ఒక ఉదయం పాచి మెట్టు మీద అతని కాలు జారింది. బిందెలు మోగుకుంటూ ఏటిదాకా దొర్లాయి. కుడి భుజం కీలు తప్పింది. కట్టు కట్టారు. కొన్నాళ్ళకి విప్పారు. అంతా కుదురుకుందన్నారు.

కుదురుకోనిది నొప్పే. భుజం నుంచి మెడకి పాకింది, మెడ నుంచి వీపుకి, వీపు నుంచి తొడలకి. చివరికి ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపడానికి లేకుండా ఒళ్ళంతా అదే అయింది. రాత్రంతా పడుకున్నా రెప్ప వాల్చని మనిషిలా లేచేవాడు. మాట మధ్యలో ఏం చెబుతున్నాడో మరచిపోయేవాడు. కావడి మోసిన భుజానికి తువ్వాలు కూడా బరువైంది.

పట్నంలో డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది. అక్కడ నొక్కి, ఇక్కడ నొక్కి, ఫోటోలన్నీ వెలుతురుకి పెట్టి చూసి చెప్పింది.

"దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు. ఎముకలో ఏమీ లేదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. అట్లాగని నీ నొప్పి అబద్ధం కాదు. దెబ్బ మానింది గానీ, ఇంకా తగులుతూనే ఉన్నట్టు నీ ఒళ్ళు కేకలు పెడుతోంది."

"ఎన్నాళ్ళకి పోద్దమ్మా?"

"కొన్నాళ్ళు తగ్గుతుంది, కొన్నాళ్ళు పెరుగుతుంది. మందులు వాడు. రోజూ కాస్త నడువు. నిద్ర చూసుకో. దాంతో కాపురం చెయ్యడం నేర్చుకోవాలి."

అంకయ్య మందులు తెచ్చుకున్నాడు. కాపురం మాత్రం అతనికి నచ్చలేదు.

ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉన్న రోజు వచ్చిందంటే ఇక అతన్ని పట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు. కావడి ఒకటికి రెండుసార్లు మోసేవాడు. కట్టెలు కొట్టేవాడు. ఇన్నాళ్ళూ పడుకున్నందుకు ఒంటి మీద కక్ష తీర్చుకున్నట్టు పని చేసేవాడు. మర్నాడు మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఆ మర్నాడు గోడ కూడా సాయం చేసేది కాదు.

"పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఇయ్యాళ ఒంట్లో ఎంతుందో అంతే చెయ్యరాదా, అంకయ్యన్నా?" అంది వంటశాల బుల్లెమ్మ, గంజి తెచ్చి పక్కన పెడుతూ.

"అరకొర పని నాకు చేతగాదు. మోస్తే మోయాల, లేకపోతే లేదు."

"లేకపోతే లేదు అనేగా ఇప్పుడు పడుకున్నావు," అంది బుల్లెమ్మ. అతను అటు తిరిగి పడుకున్నాడు. అటు తిరగడానికి కూడా చాలాసేపు పట్టింది.

కాలు విరిగినవాడికి కట్టు కనపడుతుంది. జ్వరమొస్తే ఒంటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. ఈ నొప్పికి సాక్షి లేడు. ఒకరోజు మెట్ల మీద కూర్చున్న భక్తులిద్దరు అనుకుంటుంటే అంకయ్య చెవిన పడింది.

"చెట్టంత మనిషి. మొన్న చూస్తే రెండు కావళ్ళు తెచ్చాడు. ఇయ్యాళ మంచం దిగడంట."

"ఒళ్ళు బరువు. కూర్చోబెట్టి పెడుతుంటే ఎవురికి చేదు?"

నొప్పి చేయలేని పని ఆ మాట చేసింది. అంకయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

అతని గురువు మాణిక్యాంబ. అందరూ అమ్మ అంటారు. పెద్దయ్యగారి చేతుల మీదుగా ఆ పీఠం తీసుకున్న మనిషి. గుప్పెడంత ఉంటుంది, మాట అంతకంటే తక్కువ. ఎప్పుడు చూసినా చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కనపడుతుంది. ఉపదేశం కోసం దూరం నుంచి వచ్చినవాళ్ళకి కూడా ముందు ఇంకో చేట ఇస్తుంది.

అంకయ్య వెళ్ళి ఎదురుగా కూలబడ్డాడు.

"అమ్మా, నేనేం తప్పు చేశానని నాకిట్టా అయింది?"

"మెట్టు జారావు," అంది అమ్మ.

"అది కాదమ్మా. ఇన్నేళ్ళు మోశాను గదా. పెద్దయ్య నీళ్ళు మోసిన భుజం. దానికేనా ఇది?"

అమ్మ ఒక రాయి తీసి పక్కన పడేసింది.

"ఎప్పుడు పోద్దో అదన్నా చెప్పమ్మా."

"నాకు తెలీదు నాయనా."

అంకయ్యకి కోపం వచ్చింది. గురువన్న మనిషి తెలీదంటే ఎట్లా? డాక్టరమ్మకి తెలీక, గురువుకి తెలీక, ఇక ఎవరికి తెలియాలి? ఆ కోపం పైకి అనలేదు. అనకపోయినా అమ్మకి తెలిసే ఉంటుంది. ఆమె మాత్రం ఏరుతూనే ఉంది.

పెద్దయ్యగారి ఆరాధన దగ్గరికొచ్చింది. ఆ రోజు తెల్లవారుతూనే తొలి కావడి పైకి రావాలి, ఆ నీళ్ళు సమాధి మీద పడ్డాకే పూజ మొదలవుతుంది. ఏటా అంకయ్యే తెచ్చేవాడు. ఈసారి వద్దంటే వినలేదు. నలుగురూ చూస్తుండగానే ఏటికి దిగాడు. బిందెలు నింపాడు. కావడి ఎత్తాడు.

సగం మెట్లు ఎక్కాడు. ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. అక్కడ కళ్ళు బైర్లు కమ్మాయి, కావడి దించేశాడు. ఇన్నేళ్ళలో ఆ మెట్ల మీద ఆ బిందెలు దిగడం అదే మొదలు. అతను లేవలేని రోజుల్లో నీళ్ళు తెచ్చే సాంబయ్య పైనుంచి పరుగున వచ్చి కావడి అందుకుని తీసుకుపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ తగిలింది.

పూజ జరిగింది, తత్త్వాలు పాడారు, వచ్చినవాళ్ళు తిని దీవించి వెళ్ళారు. అంకయ్య మంచం మీద గోడ వైపు చూస్తూ ఉన్నాడు. లేవగలిగిన రోజున మూట కట్టుకున్నాడు. మూటలో రెండు పంచెలు, మందుల సంచీ, భార్య ఫోటో. చీమకుర్తిలో చెల్లెలుంది. ఆమె పంచన ఒక మూల పడి ఉండవచ్చు. ఇక్కడ ఉండి ఏం చేస్తాడు? చేతనైన పని ఒక్కటే, అదీ పోయింది. పని చేయనివాడికి గురువు అన్నం అరగదనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ నడుం వాల్చే వేళ, అమ్మ దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాడు. ఆమె పెద్దయ్యగారి సమాధి ఉన్న గర్భగుడి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"పోతున్నానమ్మా. నా ఒళ్ళు ఇక గురువుకి పనికిరాదు. చెల్లెలి కాడికి పోతా."

ఉండమంటుందనుకున్నాడు. అమ్మ ఉండమనలేదు.

"సరే. పొయ్యేముందు ఒక చిన్న సాయం చేసి పో," అంది. "మూట అక్కడ పెట్టి లోపలికి రా."

అంకయ్య ఉలిక్కిపడ్డాడు. మధ్యాహ్నం తలుపు మూశాక ఆ గదిలోకి అమ్మ తప్ప ఎవరూ పోరు. ఆ వేళలో ఆమె ధ్యానసమాధిలో ఉంటుందని, అప్పుడామె ఊపిరి కూడా ఆగిపోతుందని గుట్ట మీద అందరూ చెప్పుకునేవాళ్ళు. అంకయ్య కూడా కొత్తవాళ్ళకి ఆ సంగతి చూసినట్టే చెప్పి ఉన్నాడు.

ఆ గదిలోని దీపం సంగతి ఇక్కడ చెప్పాలి. పెద్దయ్యగారు గుట్ట మీద కాలుపెట్టిన రోజున వెలిగించిన అఖండ దీపం అది. నిలువెత్తు ఇత్తడి కుంది, దాని తల మీద నూనె గిన్నె, అందులో బొటనవేలంత వత్తి. తుఫాన్లను తట్టుకుంది, వరదలను తట్టుకుంది. ఆనాటి నుంచి ఒక్క క్షణం ఆరలేదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్ముతాయి. బిడ్డ పుడితే ఆ దీపపు మసి తెచ్చి బొట్టు పెడతారు. అంత మసి గిన్నెలోంచి ఎలా తీస్తున్నారని ఎవరికీ అనుమానం రాలేదు. భక్తిలో ఉన్న సుఖమే అది, కొన్ని ప్రశ్నలు పుట్టనే పుట్టవు.

అమ్మ తలుపు మూసింది. లోపల దీపం వెలుగు తప్ప మరొక వెలుగు లేదు. సమాధి రాయి నల్లగా మెరుస్తోంది. ఆమె గూట్లోంచి ఒక మట్టి ప్రమిద తీసింది. దీపావళికి పిల్లలు గోడ మీద వరసగా పెట్టే రకం. అందులో నాలుగు చుక్కల నూనె పోసి, సన్నటి వత్తి వేసి, పీట ఎక్కి పెద్ద దీపంలో వెలిగించి అంకయ్యకి అందించింది.

"ఇది పట్టుకో."

అతను అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపాడు. చెయ్యి వణికింది. నూనె తొణికింది. ఎడమచేతికి మార్చాడు. ఈ జబ్బు కుడి ఎడమలు చూడదు, ఆ చెయ్యీ వణికింది. ఇంత బతుకు బతికి చివరికి ప్రమిద కూడా మోయలేకపోతున్నానని ముఖం తిప్పుకున్నాడు.

అమ్మ తొందర పెట్టలేదు. పీట మీద నిలబడి ఊరికే చూస్తోంది.

చివరికి అతను గోడకి వీపు ఆనించి కింద కూర్చున్నాడు. మోకాలు పైకి పెట్టి, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, రెండు అరచేతుల మధ్య ప్రమిద నిలబెట్టాడు. జ్వాల కాసేపు ఊగి నిటారుగా నిలిచింది.

అప్పుడు అమ్మ పుల్ల తీసుకుని పెద్ద దీపం వత్తిని నూనెలోకి నెట్టేసింది.

దీపం కొండెక్కింది.

"అమ్మా!" అంకయ్య గొంతులోంచి కేక సగమే వచ్చింది. "అమ్మా, ఏం చేశావమ్మా! పెద్దయ్య దీపం!"

"అరవమాక. ఊపిరికి ఆరుద్ది," అంది అమ్మ.

అతను నోరు మూశాడు. ఊపిరి కూడా బిగపట్టాడు. గది పెరిగి పెద్దదైనట్టయింది, చీకటి నాలుగు మూలల నుంచీ దగ్గరికొచ్చింది. అతని అరచేతుల్లో మాత్రం గోరంత వెలుగు. పెద్దయ్య చేతి నిప్పు, ఊళ్ళకి ఊళ్ళు దండం పెట్టుకున్న దీపం, ఇప్పుడు లోకం మొత్తం మీద ఆ ఒక్క చోటే ఉంది. నిలకడ లేని తన చేతుల్లో. బయట అందరూ నిద్రపోతున్నారు. ఎవరికీ తెలియదు.

అంకయ్య ఒంటి మీద రోమాలు లేచాయి. అతనికి ఏడవాలనిపించింది. ఏడిస్తే చేతులు కదులుతాయని ఏడవలేదు.

అమ్మ పని చేసుకుంటోంది. చల్లారిన గిన్నెలోంచి కాలిన వత్తి తీసింది. అంచుల చుట్టూ గట్టిపడిన మసిని చెంచాతో గీకి ఒక ఆకులో పోసింది. కాసేపటికి పీట దిగి, మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. అంకయ్యకి భయం వేసింది.

"అమ్మా, నూనె అయిపోతా ఉంది."

"ఉంటుందిలే. నా కాళ్ళు కాస్త కుదురుకోనీ."

ఆమె మళ్ళీ లేచింది. గిన్నె తుడిచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచి నూనె పోసింది. ఊపిరి ఆగిపోయే సమాధి అని తను నలుగురికీ చెప్పింది దీన్నేనా అని అంకయ్య నోరు తెరుచుకుని చూశాడు. ముసలితల్లి ఒకతె ఆగి ఆగి గిన్నె తోముకుంటోంది. అతనికి ఎందుకో ఆ ఊపిరి ఆగే సమాధి కంటే ఇదే పెద్దదిగా అనిపించింది. దండం పెడదామంటే చేతులు ఖాళీ లేవు.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"రోజూ."

"పెద్దయ్యగారి కాలం నుంచీ?"

"ఆయన నాకు ప్రమిద ఇచ్చిన రోజున నేనూ నీకు మల్లేనే అరిచా."

కొత్త వత్తి వేసి, నూనెలో తడిపి, మొన పైకి లాగి అమ్మ పక్కకి జరిగింది. "తీసుకురా. వెలిగించు."

అంకయ్య గోడ పట్టుకోకుండా లేవాలి, చేతులు ఖాళీ లేవు. వీపుతో గోడని నెట్టుకుంటూ లేచాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ కుంది దగ్గరికి వచ్చాడు. గిన్నె అతని తలకంటే కాస్త ఎత్తులో ఉంది. ప్రమిదని రొమ్ముదాకా ఎత్తాడు. అక్కడ భుజం ఆగిపోయింది. పళ్ళు బిగించి ఇంకొంచెం ఎత్తాడు. భుజంలో కత్తి దించినట్టయింది, చెయ్యి దానంతటదే కిందికొచ్చింది. జ్వాల వాలిపోయి, నీలంగా మారి, మళ్ళీ లేచింది.

"రావడంలేదమ్మా," అన్నాడు. ఈసారి కన్నీళ్ళు ఆగలేదు. "పైకి రావడంలేదు. నువ్వు తీసుకో. ఆరిపోద్ది, నువ్వు తీసుకో తల్లీ."

అమ్మ ప్రమిద తీసుకోలేదు.

పీట ఎక్కింది. గిన్నె చుట్టూ కొంగు చుట్టి, మెల్లగా తిప్పి, కుంది తల మీంచి ఊడదీసింది. నూనె తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని దిగింది. దిగి, అంకయ్య కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో," అంది.

అతను కూర్చున్నాడు. గుట్టెక్కిన నాటి నుంచీ ఎప్పుడూ తలెత్తి చూసిన దీపం ఇప్పుడు అతని మోకాళ్ళ కంటే కింద ఉంది. చెయ్యి ఎత్తనక్కర్లేదు. ప్రమిదని కాస్త వంచాడు, అంతే. వత్తి అంటుకుంది. వెలుగు పెరిగి, పెరిగి, సమాధి రాయి మీదికి పాకింది, గోడల మీదికి ఎక్కింది, అమ్మ ముఖం మీద పడింది. చీకటి తన మూలలకి తను వెళ్ళిపోయింది.

అంకయ్య ఒళ్ళంతా నొప్పిగానే ఉంది. ఇసుమంత కూడా తగ్గలేదు. కానీ ఆ నొప్పి ఉన్న ఒళ్ళే ఇందాక అంత వెలుగునీ దాచి ఉంచింది. ఆ సంగతి తలుచుకుంటే అతనికి తన చేతులు తనవి కానట్టున్నాయి. వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

బయట నుంచి బుల్లెమ్మ గొంతు వినిపించింది. "అంకయ్యన్నా! యాడున్నావు? బస్సు టైమవుతా ఉంది. మూట ఇక్కడే పడుంది."

అంకయ్య లేవలేదు. అమ్మ వైపు చూశాడు.

"రేపు తలుపేసే వేళకి రా," అంది అమ్మ, గిన్నెతో గోడకి ఆనుకుని లేస్తూ.

వస్తానని అనబోయాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. దాని బదులు, ఎవరిదగ్గరా అనని మాట, ఇన్ని నెలలుగా పళ్ళ వెనకే దాచుకున్న మాట, సిగ్గు లేకుండా బయటికి వచ్చింది.

"రోజూ రాలేనమ్మా. కొన్నాళ్ళు మంచం మీంచి లేవలేను. అట్టాంటి రోజు ఏం చెయ్యను?"

అమ్మ పీట ఎక్కి, వెలుగుతున్న గిన్నెను కుంది మీద పెట్టి, మెల్లగా బిగించింది. వెనక్కి తిరగకుండానే అంది.

"పడుకో. దీపాన్ని నేనే నీ మంచం కాడికి తెస్తా."